ఎడమ అరచేతి కాయ

పన్నెండు కాలర్లు బల్ల మీద వరుసగా పరచి ఉన్నాయి. పన్నెండింటి మీదా, పనికిరావని, ఎర్రసుద్దతో అడ్డగీతలు. ఏ కాలరు చూసినా కుట్టు మొదట అంచుకు బియ్యపుగింజంత దూరంలో బుద్ధిగా బయలుదేరింది. పోను పోను అంచు వైపు ఒరిగింది. కొసకు చేరేసరికి అంచు మీది నుంచే జారిపోయింది.

"ఇవి కాలర్లా, మేకలు మేసిన ఆకులా?" అన్నాడు మేస్త్రి.

షెడ్డులో తొమ్మిది మిషన్లూ ఆగిపోయాయి. చొక్కాలు కుట్టే ఆ రేకుల షెడ్డులో మిషన్లు అన్నీ ఒకేసారి ఆగడం అరుదు. ఆగినప్పుడు గోడ గడియారం శబ్దం కొత్తగా వినిపిస్తుంది. బల్లకు ఇవతల నిలబడిన పిల్లను అందరూ పిచ్చుక అంటారు. పేరుకు తగ్గట్టే చిన్నది, పేరుకు తగ్గట్టే క్షణం నోరు మూసుకోనిది. ఆ ఉదయం మాత్రం ఆమె ఒక కాలరును అటూ ఇటూ తిప్పి చూసి గాని నోరు విప్పలేదు.

"మిషన్ లాగేస్తోందండీ. నేను తిన్నగానే పెడుతున్నాను. అదే పక్కకి లాక్కుపోతోంది."

"ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికెవతో." మేస్త్రి నవ్వలేదు. అటు తిరిగి, "కాలరక్కా, నువ్వు చెప్పు. పదకొండేళ్ళుగా నాలుగో నంబరు మిషన్ మీద కూర్చున్నదానివి. దాంట్లో ఏమైనా తేడా ఉందా?" అని అడిగాడు.

కాలర్లు కుట్టీ కుట్టీ కాలరక్క అయిన ఆమె, తొమ్మిది రోజుల తర్వాత ఆ ఉదయమే పనిలోకి వచ్చింది. అత్తకు కంటి ఆపరేషను జరిగితే ఇంటిపట్టున ఉండిపోయింది. ఆ రోజుల్లో చాలావరకు నాలుగో నంబరు ఖాళీగానే ఉంది; చివరి రోజున పిచ్చుకను కూర్చోబెట్టారు. తన మిషన్ గురించి తననే అడగడం కాలరక్కకు ఎక్కడో తీయగా తగిలింది. ముందుకు వచ్చి, చీర కొంగు నడుముకు దోపుకుని, నాలుగో నంబరు ముందు కూర్చుంది. ఒక కొత్త కాలరు అందుకుంది. కుడిచేతి వేళ్ళు అంచును నడిపించాయి. ఎడమ అరచెయ్యి గుడ్డ మీద పరుచుకుంది. కాళ్ళు కదిలాయి, చక్రం తిరిగింది, గుడ్డ నడిచింది. ఈ కొస నుంచి ఆ కొసకు, నూలు లాగి కట్టినట్టు, ఒకే కుట్టు.

పళ్ళతో దారం తెంపి కాలరును బల్ల మీద పెట్టింది. పన్నెండు వంకరల పక్కన ఒక్క తిన్ననిది.

"మిషన్‌కేం లేదండీ," అంది. అక్కడితో ఆగవలసింది. ఆగలేదు. "చెయ్యి కుదరాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. మూలన గుండీలు కుట్టే పిన్ని మాత్రం తల దించుకుని సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది.

మేస్త్రి గుమ్మం వైపు వేలు చూపించాడు. పిచ్చుక బల్ల దగ్గర నుంచి కదిలింది. తన కత్తెరను గుడ్డలో చుట్టుకుంది. టేపును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి సంచిలో వేసుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది. మేస్త్రిని కాదు, కాలరక్క మొహాన్ని కూడా కాదు. ఆమె చేతుల్ని చూసింది.

ఆ సాయంత్రమే, చేతులు కడుక్కుని సంచులు సర్దుకునే వేళ, మేస్త్రి మరో కబురు చెప్పాడు. వచ్చే వారం మోటారు మిషన్లు దిగుతున్నాయి. తొమ్మిది పోయి ఐదు వస్తాయి. పాత మిషన్ ఎవరిది వాళ్ళే కావాలంటే తీసుకోవచ్చు; పాతఇనుముకు వేసే ధరకే ఇస్తారు. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ళకు సోమవారం నుంచి కాలర్లు, కఫ్‌లు ఇంటికే పంపుతారు.

"లేనివాళ్ళకో?" అని గుండీల పిన్ని అడిగింది.

"లేనివాళ్ళ సంగతి లేనివాళ్ళే చూసుకోవాలి," అన్నాడు మేస్త్రి. "శనివారంకల్లా చెప్పండి."

కాలరక్కకు అందులో ఆలోచించడానికేమీ కనిపించలేదు. ఇంటికి వెళ్ళగానే అత్తకు మందు చుక్కలు వేస్తూ ఆ మాటే చెప్పింది. అత్త నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మంచం మీద రాణిగారిలా కూర్చుని ఉంది. ఆపరేషను నాటి నుంచి ఆవిడకు చూపు తగ్గి మాట పెరిగింది.

"తీసుకుంటావా?"

"తీసుకోక? నా చేతికి అలవాటైన మిషను. చెప్పినమాట వింటుంది."

"కుండ కొన్నా వేలితో కొట్టి చూసుకుని కొంటాం కదే."

"పదకొండేళ్ళుగా కొట్టి చూస్తూనే ఉన్నా కదత్తా."

"కొట్టింది దాన్ని కాదు, గుడ్డని." అత్త మొహం పైకెత్తి పెట్టి, చుక్క పడ్డాక కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఊరికే ఇస్తున్నారంటే ఊరికే ఇవ్వరు. రేపు పని అయ్యాక ఆ రిపేరు కొట్టుకి వెళ్ళు. నాలుగు మిషన్లు చూడు, నలుగురి మాట విను. ఒంటికన్నుతో ఉన్న నాకే అనుమానం వస్తుంటే రెండు కళ్ళున్నదానివి, నీకు రాదేం?"

లారీ మీద పోయిన భర్త పది రోజులకు గాని రాడు. ఇంట్లో నిర్ణయాలన్నీ ఈ మంచం మీదే జరుగుతాయి. సరేనంది.

రాత్రి చేతులకు నూనె రాసుకుంటుంటే ఎడమ అరచేతి అంచున, చిటికెనవేలి కింద, ఎప్పటిదో కాయ చేతికి తగిలింది. శనగగింజంత ఉంటుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. పనిమంతురాలి చేతికి అది నగ అని ఆమె మనసులో ఎప్పుడూ అనుకునేది.

మరునాడు మధ్యాహ్నమే సెలవడిగి వెళ్ళింది. రిపేరు కొట్టు రైలుపెట్టెలా ఇరుకుగా, పొడుగ్గా ఉంది. రెండు వైపులా మిషన్లు. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడవవలసినంత దారి. మెకానిక్కు ముసలివాడు. కళ్ళద్దాల విరిగిన కాడను కుట్టుదారంతో చుట్టి వాడుకుంటున్నాడు. ఆమె వచ్చిన పని విని, మిషన్ల వైపు చూపించకుండా, బల్ల కింద నుంచి రూళ్ళ నోటుపుస్తకం తీసి ఒక కాగితం చింపాడు.

"సూదిలో దారం ఉండదు. ఈ గీత మీదే కుట్టండి. రంధ్రాలు చాలు నాకు."

"మిషన్ చూడటానికి వచ్చానండీ. నన్ను చూపించుకోవడానికి కాదు."

"చెప్పు కొనేటప్పుడు చెప్పునే చూస్తే చాలదమ్మా. కాలు కూడా చూడాలి."

ఆమె కూర్చుంది. నల్లని పాత మిషను, మెడ దగ్గర రంగు ఊడిపోయి ఇనుము బయటపడింది. చక్రం మాత్రం వేలు తగిలితే చాలు తిరుగుతోంది. కాగితం పెట్టి, గుడ్డను అదిమి పట్టే ఇనుప పాదం దించి, కాలు కదిపింది. టకటకమంటూ సూది గీత మీదే దిగింది. నాలుగంగుళాలు దాటేసరికి రంధ్రాలు గీతను విడిచి ఎడమకు మళ్ళాయి. అడుగు భాగానికి వచ్చేసరికి పక్క గీత మీదకు ఎక్కి కూర్చున్నాయి.

మెకానిక్కు కాగితం చూసి మర్యాదగా అడిగాడు. "కొత్తగా నేర్చుకుంటున్నారా?"

ఆమె చెవులు వేడెక్కాయి. "పదకొండేళ్ళుగా కాలర్లు కుడుతున్నానండీ. మీ మిషన్లో ఏదో ఉంది."

ఆయన కాగితాన్ని పక్కన పెట్టాడు. రెండో మిషను చూపించాడు. మరో కాగితం. ఈసారి ఊపిరి బిగబట్టి కుట్టింది. రంధ్రాలు ఎడమకే పోయాయి. మూడో మిషను. మళ్ళీ ఎడమకే. ఆయన మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు కలిపి, గుమ్మం వైపు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. మూడు వరుసలూ ఒక్కటైపోయి, వాటిలోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా ఒక వంపులో దిగింది.

"మూడు మిషన్లూ కూడబలుక్కోవు కదమ్మా. చెయ్యి ఇలా ఇవ్వండి. అది కాదు, ఎడమది."

బొటనవేలితో కాయను నొక్కి చూశాడు. "నలభై ఏళ్ళుగా కుట్టేవాళ్ళ చేతులు చూస్తున్నాను. కత్తెర పట్టే వేలికి కాయ కాస్తుంది. సూది గుచ్చుకునే వేలికి కాస్తుంది. ఇక్కడ కాయదు. మీరు కుట్టే మిషన్ గుడ్డని ఎడమకి లాగుతోంది. పాదం కింద గుడ్డని ముందుకు నడిపే పళ్ళుంటాయే, అవి ఒక పక్క అరిగిపోయి ఉంటాయి. అది లాగుతుంటే మీరు ఈ చేత్తో కుడికి తోస్తున్నారు. తోస్తున్నట్టు మీకే తెలీదు. మా మిషన్ లాగదు. అయినా మీరు తోస్తున్నారు. అంతే."

"పళ్ళు మార్పిస్తే బాగవుతుందా?"

"ఏ నంబరు, ఏ కంపెనీ?" ఆమె చెప్పింది. ఆయన పెదవి విరిచాడు. "వాళ్ళు మూతపడి చాలా కాలమైంది. వేరే పళ్ళు అందులో కూర్చోవు. ఇనుము ధరకిస్తున్నారా? న్యాయమైన ధరే."

ఆమె మూడు కాగితాలనూ ఒళ్ళో పెట్టుకుని అంచులు సరిచేసింది. అడగవలసిన మాట ఒకటే ఉంది. దాన్ని అడగకుండా లేచిపోవచ్చు.

"దాని మీద కొత్త మనిషి కూర్చుంటే ఏమవుతుందండీ?"

"కుట్టు అంచు దాటిపోతుంది."

"మొదట్లోనేనా?"

"మొదట బాగానే ఉంటుంది. పోను పోను."

"పోను పోను," అంది ఆమె.

ఆయన మొదటి మిషన్ మీద చెయ్యి వేశాడు. "తీసుకుంటే ఇది తీసుకోండి. మీ నాలుగో నంబరుకి రెండింతలవుతుంది, దాచను. మిషన్ కొనేటప్పుడు రంగు చూడకూడదు. చక్రం చేత్తో తిప్పి చప్పుడు వినాలి. కాగితం పెట్టి చెయ్యి వదిలెయ్యాలి. చెయ్యి వదిలేసినా తిన్నగా పోయేదే మిషను. మీ చెయ్యి దారికి రావడానికి నెలో, రెండు నెలలో. పదకొండేళ్ళ పట్టు కదా."

నెల, రెండు నెలలు. సోమవారం కాలర్లు వస్తాయి. నాలుగో నంబరు మీదైతే ఈ చెయ్యి బంగారం. తిన్నని మిషన్ మీద ఇదే చెయ్యి పనికిరానిది. ఆ లెక్క దారి పొడవునా ఆమె పక్కనే నడిచింది. కాని ఆమె కాళ్ళు ఇంటివైపు తిరగలేదు.

పిచ్చుక ఇంటి ముందు అరుగు మీద పాత పత్రికలు కుప్పగా పోసి ఉన్నాయి. పిచ్చుక కాగితం మడిచి, వేలితో జిగురు రాసి, సంచులు అంటిస్తోంది. కాలరక్కను చూసింది. కూర్చోమనలేదు. మరో కాగితం తీసుకుంది.

"మిషన్‌దే తప్పమ్మా," అంది కాలరక్క, నిలబడే. "పళ్ళు అరిగిపోయాయి. ఎడమకి లాగుతోంది. ఇప్పుడే తెలిసింది నాకు."

"నేను అప్పుడే చెప్పాగా. లాగేస్తోందని."

"నాకు తెలీదే."

"తెలీదు. సరే." పిచ్చుక మడతను గోటితో గట్టిగా నొక్కింది. "తెలీదు అని చెప్పొచ్చు కదక్కా. మిషన్‌కేం లేదన్నావు. అదైనా పోనీ, నీకు అలాగే అనిపించింది. చెయ్యి కుదరాలన్నావు చూడు, ఆ ముక్క ఊరంతా పాకింది. నిన్న చారులో ఉప్పెక్కువైతే మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? 'చెయ్యి కుదరాలి' అన్నాడు. ఇంకో రెండు షెడ్లకెళ్ళాను పనికి. వాళ్ళకీ తెలుసు."

కాలరక్క ఎడమచేతిని కొంగులో చుట్టుకుంది. "తప్పైపోయింది. చెబుదామనే వచ్చాను."

"అక్కడ అందరి ముందూ అన్నావు. ఇక్కడ గడప దగ్గర చెవిలో చెబుతున్నావు." పిచ్చుక గొంతు పెంచలేదు. అంటించిన సంచిని నోటితో ఊది తెరిచి, లోపలికి ఒకసారి చూసి, పక్కన పెట్టింది. "పోయిరా అక్కా. జిగురు ఎండిపోతోంది."

శనివారం ఉదయం కాలరక్క అందరికంటే ముందే షెడ్డుకు వెళ్ళింది. మేస్త్రి ఒక్కడే ఉన్నాడు, పాత మిషన్లకు చీటీలు కడుతున్నాడు. ఆమె మెల్లగా సంగతి చెప్పింది. ఆయన చీటీ ముడి బిగించడం ఆపలేదు.

"నాకు తెలీదనుకున్నావా? పోయినేడాది బాగుచేసేవాడు చెప్పాడు. నీకు నడుస్తోంది కదా అని వదిలేశాను."

"మరి ఆ పిల్లని..."

"వచ్చేవి ఐదు మిషన్లు. ఎవరో ఒకరిని తియ్యాలి. పన్నెండు కాలర్లు పాడయ్యాయి, వంక దొరికింది." అప్పుడు తలెత్తి చూశాడు. ఆయన కంఠంలో కోపం లేదు. ఒక రకమైన దయే ఉంది. "చూడు. అది నీ చేతికి లొంగింది, ఇంకెవరి చేతికీ లొంగదు. ఇంటికి పట్టుకుపో. కాలర్లన్నీ నీకే పంపుతాను. పదకొండేళ్ళు నువ్వు కుట్టినదాంట్లో ఒక్కదాని మీద కూడా సుద్ద పెట్టలేదు నేను. ఇక పెట్టను కూడా. ఎందుకొచ్చిన గొడవ?"

ఒక్కొక్కరే వచ్చారు. సంచులు కొక్కేలకు తగిలించుకున్నారు. ఎవరి మిషన్ ముందు వాళ్ళు, ఆఖరిసారి కూర్చున్నట్టే కూర్చున్నారు. మేస్త్రి బల్ల దగ్గర నిలబడి ఒకటో నంబరు నుంచి అడగడం మొదలుపెట్టాడు. ఒకామె తీసుకుంటానంది. ఒకామె ఇంట్లో అడిగి చెబుతానంది. మూడో ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాలుగు. కాలరక్క. తీసుకుంటున్నావు కదా?"

"ఒక కాలరు ఇవ్వండి," అంది ఆమె.

మేస్త్రి కదల్లేదు. గుండీల పిన్నే లేచి కట్టలోంచి ఒకటి తీసి ఇచ్చింది.

కాలరక్క దాన్ని పాదం కింద పెట్టింది. కుడిచేతి వేళ్ళు అంచుకు ఆనాయి. ఎడమచెయ్యి తనంత తానే లేచి గుడ్డ మీద పరుచుకుంది. ఆమె దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. అది మళ్ళీ లేవబోయింది. చివరికి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది. అప్పుడు కాలు కదిపింది.

చప్పుడు ఎప్పటి చప్పుడే. కుట్టు బియ్యపుగింజంత దూరంలో బయలుదేరింది. సగం వరకు కూడా పోకముందే అంచు వైపు ఒరగసాగింది. వెనక్కి తీసుకోవచ్చు, ఒక్క అరచెయ్యి ఆనిస్తే చాలు, ఎవరికీ తెలియదు. పళ్ళు బిగబట్టి కాలు ఆడించింది. పాడవుతున్న గుడ్డను కళ్ళారా చూస్తూ, పాడవనిస్తూ, కుట్టింది. కొసకు చేరేసరికి సూది గాలిలో దిగింది.

దారం తెంపి లేచింది. బల్ల కింద కట్టగా పడి ఉన్న పన్నెండు కాలర్లలోంచి ఒకటి లాగి, తనదాన్ని దాని మీద పరిచింది. రెండు కుట్లూ ఒకదాని నీడ ఒకటైనట్టు, ఒకే చోట ఒరిగి, ఒకే చోట జారిపోయాయి.

ఎనిమిది మంది లేచి వచ్చి చూశారు. ఎవరూ కిసుక్కుమనలేదు.

"ఇదేంటే కాలరక్కా," అంది గుండీల పిన్ని. "నీకేమైంది?"

"నాకేం కాలేదు పిన్నీ. ఇన్నేళ్ళూ ఈ చేత్తో దీని వంకర కప్పెడుతూ వచ్చాను. నేనే నమ్మాను, మిమ్మల్నీ నమ్మించాను." ఆమె మేస్త్రి వైపు తిరిగింది. వేలితో రెండు కుట్లనూ చూపించింది. "మద్దెల ఓటిదే మేస్త్రీ. పిల్లకి ఆట వచ్చు."

మేస్త్రి బల్ల దగ్గరకు జరిగి ఆ రెండు కాలర్లనూ చూశాడు. ఆ తర్వాత చెవి మీద నుంచి ఎర్రసుద్ద తీశాడు. పై కాలరు మీద, ఒత్తి, అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఐదో నంబరు," అన్నాడు. "నాలుగో నంబరామెకి సోమవారం పనేం లేదు."

ఆమె తన కాలరును మడిచి గుండీల పిన్ని చేతిలో పెట్టింది. పిన్నీ పిచ్చుకా ఒకే సందులో ఉంటారు. "ఇది దానికి ఇవ్వు పిన్నీ. గీతతో సహా."

రిపేరు కొట్టులోని నల్ల మిషను ఆ సాయంత్రం రిక్షా మీద ఇంటికి వచ్చింది. ఇంటి కప్పుకు కొత్త రేకులు వేయించడానికి దాచినది దానికే పోయింది. అత్త చక్రాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, "వాన వస్తే కింద గిన్నె పెడతాం. మిషన్ వంకరైతే ఏం పెడతాం?" అంది. ఆ తర్వాత చాలాసేపు తల ఎత్తి కప్పునే చూస్తూ కూర్చుంది.

సోమవారం కాలర్లు రాలేదు. మంగళవారం పక్కింటామె రెండు దిండు గలీబులు తెచ్చి ఇచ్చింది. కాలరక్క వాటిని ఎడమకు పోకుండా కుట్టలేక, విప్పి, కుట్టి, విప్పి, ఆఖరికి పక్కన పెట్టేసి రూళ్ళ కాగితం తీసుకుంది. కిటికీ పక్కన నేల మీద అలాంటి కాగితాలు చాలా పడి ఉన్నాయి. అన్నింటిలోనూ వెలుగు ఎడమకే వంగింది.

"గుమ్మంలో ఎవరో నిలబడ్డారే," అంది అత్త. "ఎవరో సరిగ్గా కనబడట్లేదు. మాట్లాడట్లేదు కూడా."

పిచ్చుక. చేతిలో కాలరు, మడత విప్పి ఉంది. ఎర్రగీత చెమటకు కొంచెం చెదిరింది. లోపలికి రమ్మన్నా రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఒక కాగితం మొత్తం కుట్టడం అక్కడి నుంచే చూసింది.

"తొయ్యకు," అంది చివరికి.

"తొయ్యట్లేదే."

"తోస్తున్నావు. ఆ చెయ్యి తియ్యి."

"తీస్తే ఎటు పోతుందో అని భయంగా ఉందే."

పిచ్చుక చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కాలరును మిషను బల్ల మీద పెట్టి, కాలరక్క ఎడమచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని కాగితం మీద నుంచి పైకెత్తింది. ఎత్తి అలాగే పట్టుకుంది. "ఇప్పుడు తొక్కు."

చక్రం తిరిగింది. కాగితం తనంత తానే ముందుకు నడిచింది. రంధ్రాలు గీత మీదే, ఒకదాని వెనక ఒకటి, గీత చివరి దాకా వెళ్ళాయి. కాలరక్క ఆ గీతనే చూస్తోంది. పిచ్చుక మాత్రం తన పట్టులో ఉన్న చేతినే చూస్తోంది. కాయ ఉన్న అంచు గాలిలో కుడివైపుకి, ఆగి ఆగి, ఇంకా తోస్తూనే ఉంది.